మా మునుం నడిపిన తెల్లక్క

మొన్న మధ్యాహ్నం మా షాపులో బేరాలు లేవు. సూర్యాపేటలో చీరల షాపులో పనిచేసేవాళ్లకు తెలుస్తుంది, మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లుండవు, పొద్దస్తమానం మడతపెట్టిన చీరలనే మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టుకుంటూ కూర్చోవాలి. అట్లా కూర్చుని ఉంటే పక్క కౌంటర్ పిల్ల ఫోన్ చూసుకుంటూ, అక్కా ఈ ముసలామె ఎంత ముద్దుగా ఉందో చూడు అని ఒక వీడియో నా మొహం ముందు పెట్టింది. తెల్లటి జుట్టు, ముడతలు పడ్డ బుగ్గలు, నీలం కోటు, ఏదో పెద్ద వేదిక మీద బహుమతి పట్టుకుని నవ్వుతోంది. ఎడమ పక్క పెదవి ముందు లేస్తుంది, కుడి పక్క పెదవి కొంచెం ఆలోచించుకుని తర్వాత లేస్తుంది. ప్రపంచంలో అట్లా నవ్వే మనిషి ఒక్కతే. నా చేతిలో ఉన్న గద్వాల చీర జారి కింద పడింది. "అయ్యో, మా తెల్లక్క!" అని అరిచేశాను. గల్లా దగ్గర కూర్చున్న మా సేటు కూడా ఉలిక్కిపడి తల ఎత్తాడు.

ఆ పిల్ల చదువుకున్నది. ఫోన్లో ఉన్నదంతా నాకు తెలుగులో చెప్పింది. ఆమెది ఇంగ్లాండట, చిన్న ఊరట, మొదట్లో నాటకాలట. తర్వాత సినిమాల్లో చాలా ఏళ్లు పళ్లెం పట్టుకుని వచ్చి, ఒక్క మాట చెప్పి వెళ్లిపోయే పనిమనిషి వేషాలేనట. కాస్త పేరు వచ్చాక, వయసు పైబడిందని పిలవడమే మానేశారట. ఆ తర్వాత టీవీ సీరియల్లో డాక్టరమ్మగా వేసి మళ్లీ ఇంటింటికీ తెలిసిపోయిందట. ఇప్పుడీ వయసులో ఇంకో కొత్త సీరియల్ చేస్తోందట. నేను వింటూ నవ్వుకున్నాను. ఆమె బతుకు నాకు ఇట్లా వరుసగా తెలియదు. నాకు తెలిసిన తెల్లక్క ముందు ముసలి రాణి, ఆ తర్వాత పడుచు పనిమనిషి, ఆ తర్వాత దొంగ. ఎందుకంటే కేబుల్ వాళ్లు ఏ ఆదివారం ఏది వేస్తే అదే ఆమె బతుకు మాకు.

మీలో నా ఈడువాళ్లు ఉంటారు కదా, ఇంటికి కొత్తగా కేబుల్ పెట్టించుకుని, ఆదివారం మధ్యాహ్నాలు తెలుగులో మాట్లాడే ఇంగ్లీషు సినిమాలు చూసినవాళ్లు. పెదవులు ఆగిపోయినా మాట ఇంకా నడుస్తూనే ఉండేది, గుర్రాలు తప్ప అందరూ తెలుగు మాట్లాడేవాళ్లు. ఆ చానల్ వాళ్లకు ఈమె సినిమాల మూట ఏదో దొరికినట్టుంది, ఆ వానాకాలమంతా అవే వేశారు. ఆమె అసలు పేరు నాకు అప్పుడు నోరు తిరగలేదు. మోతె దగ్గర మా ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్లందరికీ ఆమె తెల్లక్కే.

అది నేను పదో తరగతి తప్పిన ఏడు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, నాటుకు రమ్మంది అమ్మ. మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, ఆ నాట్ల ముఠాకు పెద్ద. రైతులతో మాట్లాడేది, ఎకరానికి ఇంతని గుత్త కుదిర్చేది, పొద్దున ఆటో ఎవరెక్కాలో ఎవరు ఆగాలో చెప్పేది అంతా ఆమే. సాగర్ కాలువకు నీళ్లు వదిలారంటే చాలు, మా ముఠా ఒక వారం మిర్యాలగూడ వైపు, ఒక వారం కోదాడ వైపు. ట్రాలీ ఆటోలో సద్దిగిన్నెలు మధ్యలో పెట్టుకుని, కాళ్లు బయటికి వేలాడేసి, హైవే మీద బస్సుల్లో పోయేవాళ్లకు చేతులూపుకుంటూ పోయేవాళ్లం. నాకైతే అది కాలేజీకి పోయినంత సంబరం. ఆటో దిగేదాకే ఆ సంబరం, అది వేరే సంగతి.

నాటు ఎప్పుడూ వేయనివాళ్లకు చెప్తున్నాను. అందరూ పక్కపక్కన నిలబడి, వంగి, నారు నాటుకుంటూ ఒక్కో అడుగు వెనక్కి జరుగుతారు. ఆ వరుసనే మేము మునుం అంటాం. చేతికి అందినంత మేర ఎవరి వంతు వారిది, కానీ జరగడం మాత్రం అందరూ కలిసి జరగాలి. అందరూ వెనక్కి పోయాక ఒక్కతే ముందు మిగిలిపోతే, నవ్వినప్పుడు పన్ను ఊడిన చోటు కనపడినట్టు మునుంలో సందు కనపడుతుంది. ఆ సందు నేనే. మిగతావాళ్ల వేళ్లు కోడి గింజలు ఏరినట్టు టకటకా పోతుంటే, నా వేళ్లు నారు కట్టలోంచి నాలుగు పోచలు తీయడానికే పంచాయితీ పెట్టుకునేవి.

పెద్దమ్మ తిట్టే మనిషి కాదు. ఒకరోజు సద్ది తినేటప్పుడు నా మొహం చూసి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"సదువు సదువంటే రాకపాయె, నాటు నాటంటే రాకపాయె. మరి నీకేమొస్తదే బిడ్డా?"

"మాటలొస్తయి," అన్నది మా వీధి అక్క, పచ్చిపులుసు జుర్రుకుంటూ. ఆ అక్క వాళ్లు చర్చికి పోతారు, ఆదివారం పాటలన్నీ ఆమెకు కంఠతా. అందరూ పొలమారేదాకా నవ్వారు.

నేను కూడా నవ్వాను కానీ సగం తిన్న గిన్నెకు మూత పెట్టేశాను. కోదాడ నాట్లు అయ్యేదాకా చూస్తా, అప్పటికీ చెయ్యి తిరగకపోతే నీ తమ్మునికి బదులు నువ్వు గొర్రెల వెంట పో, వాడన్నా బడికి పోతాడు అని చెప్పేసింది పెద్దమ్మ. గొర్రెలంటే నాకు కోపం లేదు. మా నాయన వాటి వెంటే బతికాడు. కానీ గొర్రెలకు నా మాటలు అక్కర్లేదు, నాకేమో మాటలు లేకపోతే పొద్దు గడవదు. ఆడవాళ్లు అంతమంది ఒకచోట చేరి నవ్వే జాగా ఇంకోటి లేదు నాకు. బడిలో తప్పాను, ఇక్కడ కూడా తప్పితే నేను ఎందుకూ పనికిరాని దాన్నేనా అనే భయం రాత్రీ పగలూ నన్ను పట్టుకునే ఉండేది.

తెల్లక్క కథ మొదలుపెట్టింది ఆ భయంతో కాదు, నడుం నొప్పితో. ఒక సోమవారం నొప్పి మరిచిపోదామని, ముందురోజు చూసిన సినిమా చెప్పడం మొదలుపెట్టాను. ముసలి రాణి, కోట, కొడుకులు సింహాసనం కోసం కొట్టుకోవడం. నాకు చూసింది చూసినట్టు చెప్పడం రాదు, తలుపు చప్పుడైతే చప్పుడు చేయాలి, గుర్రం వస్తే గుర్రంలాగా రావాలి, బురదలో కాళ్లతో టకటకా అని కొడితే పక్కవాళ్ల మొహాల మీదంతా చిల్లేది. వారం రోజులు సాగదీసి చెప్పాను రాణి కథ. తర్వాతి సోమవారం పనిమనిషి సినిమా ఎత్తుకోగానే పెద్దమ్మ నడుం ఎత్తి నిలబడింది.

"నిన్నటిదాక రాణి గదనే? ఇయ్యాల పళ్లాలు మోసుడేంది?"

"ఇది వేరే సినిమా పెద్దమ్మా. ఆమే గని, వేరే కత."

"వారానికో మనిషిని తెస్తే మాకేం యాదుంటది? ఒక్క మనిషినే చెప్పు, ఒక్క బతుకే చెప్పు. మునుం తెగొద్దు, కత తెగొద్దు."

వాళ్లకు సినిమా అంటే ఏమిటో తెలియక కాదు. సూర్యాపేట టాకీసుల్లో చూసిన సినిమాలకు లెక్కలేదు, ఏ హీరోయిన్ ఏ సినిమాలో ఏ చీర కట్టిందో కూడా చెప్పగలరు. కానీ తెరమీద చూసే కథ వేరు, వంగి వింటూ నాటే కథ వేరు. ఇది రోజుల తరబడి నడవాలి, నిన్న ఆపిన చోట ఇవాళ అందుకోవాలి. రాణి పనిమనిషి ఎట్లా అయింది అన్న చిక్కు మా ముఠాలో అందరికన్నా పెద్దదైన అవ్వ ఒక్క మాటతో విప్పేసింది.

"రాజ్జెం పోయింటది. పోయినోళ్లు పని జేస్కొని బతకొద్దా?"

"మరి వయసెట్ల తగ్గిందవ్వా?" అన్నది మా అమ్మ.

"పని జేస్తే తగ్గుతది. నన్ను జూస్తలేవా?"

ఇక అడ్డేముంది. డాక్టరమ్మ సీరియల్ వస్తే, పనిమనిషిగా ఉన్నచోట పుస్తకాలు చూసి చదువుకుందన్నాం. ఆమె దొంగతనం చేసిన సినిమా వచ్చినప్పుడు మాత్రం మునుంలో పెద్ద గొడవే అయింది, డాక్టరమ్మ దొంగతనం చేస్తుందా అని. మా వీధి అక్క ఊరుకోలేదు, మందులు లేని ఊళ్లో పిల్లల కోసం మందులే ఎత్తుకొచ్చి ఉంటుందని వాదించి గెలిచింది. నేను చెప్పేది సగం, వాళ్లు అతికేది సగం. వింటూ వింటూ ఎంత దూరం జరిగామో మాకే తెలిసేది కాదు, గట్టు కాలికి తగిలితే అయ్యో మడి అయిపోయిందా అని లేచేవాళ్లం. ఇంకో సంగతి నేను ఆలస్యంగా కనిపెట్టాను. నాకు ఒకపక్క అమ్మ, ఇంకోపక్క వీధి అక్క నిలబడి, నా వంతులో చెరో రెండు కుదుళ్లు ఎక్కువ నాటుకుంటూ పోతున్నారు, నేను ఊపిరి ఆపకుండా చెప్పాలని. పెద్దమ్మ అది చూసి, చూడనట్టు మొహం తిప్పుకునేది.

అట్లా బాగా సాగుతున్న రోజుల్లో కోదాడ దగ్గర ఒక రైతు పొలానికి పోయాం. కొత్త పొలం, మొదటి రోజు. ఆ ముందు ఆదివారం చూసిన సినిమాలో తెల్లక్క చచ్చిపోయింది. కొడుకు కోసం వానలో ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ, ఆ బురదలోనే పడిపోయింది. నేను రాత్రంతా ఏడ్చాను. చెప్పాలా వద్దా, చెప్తే ఎట్లా చెప్పాలి అని ఆటోలో నోరు మూసుకునే కూర్చున్నాను. నేను నోరు మూసుకోవడమే ఒక వింత కాబట్టి అందరూ నన్నే చూస్తున్నారు.

నాటు మొదలుపెట్టేటప్పుడు ఈశాన్యం మూలన పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ ఇంటి పెద్ద ముత్తైదువ చేత మొదటి పోచలు నాటిస్తారు. ఆ కాస్సేపు ఎవరూ చెడ్డ మాట ఎత్తరు. తుమ్ము వచ్చినా ఆపుకుంటారు. రైతు వాళ్లమ్మ చేతిలో నారు పట్టుకుని, కాళ్లకు పసుపుతో, మడిలోకి దిగబోతోంది. సరిగ్గా అప్పుడే అవ్వ నా పక్కకు జరిగి మెల్లగా అడిగింది.

"ఏమే, మన తెల్లక్క ఎట్లున్నదే?"

"సచ్చిపోయిందవ్వా!" అని భోరుమన్నాను.

అంతే. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీధి అక్క యేసయ్యా అంటూ కూలబడింది. మా అమ్మ కళ్లలో నీళ్లు. రైతు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, ఎవరు పోయారు? మీ వాళ్లేనా? అయ్యయ్యో, మైల పెట్టుకుని పనికెందుకొచ్చారమ్మా, ఇంటికెళ్లండి ముందు."

"మావోళ్లు కాదు పటేలా," అన్నది పెద్దమ్మ, నా వైపు కొరకొరా చూస్తూ. "ఇంగిలీషు సినిమాల ఆమె."

"సినిమాలోనా! ఎక్కడో ఎవరో సినిమాలో చచ్చిపోతే, ఇక్కడ నా పొలం గట్టున ఏడుస్తున్నారా?" అతను నవ్వాలో తిట్టాలో తెలియక తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

కానీ వాళ్లమ్మ నవ్వలేదు. ఆమె మడిలో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుంది.

"సినిమా అయితే ఏంటిరా? మొదటి కుదురు పడకముందే చావు మాట పడింది నా పొలంలో. నేను నారు పెట్టను. వీళ్లని పంపించెయ్యి, మంచిరోజు చూసి ఇంకొకళ్లని పిలుద్దాం."

పీకిన నారు గట్టు మీద కుప్పలుగా ఉంది. ఎండ ఎక్కుతోంది. వచ్చిన ముఠా పని మొదలుపెట్టకుండా తిరిగిపోతే ఆ చుట్టుపక్కల ఇంకెవరూ పిలవరు. పెద్దమ్మ నా రెక్క పట్టుకుని పక్కకు లాగింది.

"నీ నోట్ల నువ్వుగింజ నానదు గదనే! నువ్వే సంపినవు, నువ్వే బతికియ్యాలె. ఆ అమ్మ చేతుల నారు మడిల పడాలె. పడకపోతె రేపటి సంది ఆటో ఎక్కకు, గొర్ల కాడికే పో."

మా వాళ్లంతా తలా ఒక ఉపాయం అందిస్తున్నారు గుసగుసగా.

"మల్ల పుట్టిందని చెప్పవే," అన్నది అమ్మ.

"మల్ల పుట్టి, పెద్దగై, ఎప్పుడే? నారు ముదురుతది," అన్నది పెద్దమ్మ.

"మూడో దినం లేస్తదని చెప్పు," అన్నది వీధి అక్క, కళ్లు తుడుచుకుంటూ.

"మూడు దినాలా! ఆ పటేలు మూడు గడియలు గూడ ఆగేటట్టు లేడు," అన్నది పెద్దమ్మ.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. సినిమా అయిపోయి పేర్లు పడుతుంటే, ఆ పేర్ల పక్కన చిన్న డబ్బాలో సినిమా ఎట్లా తీశారో చూపించారు. ఏడుస్తూ ఏడుస్తూనే చూశాను. కథ అయిపోయింది కదా అని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రైతు వాళ్లమ్మ ముందుకు పోయి నిలబడ్డాను.

"అమ్మా, ఆమె లేచిందమ్మా."

"ఎవరు లేచింది?"

"సచ్చిపోయినామె. వానల తడిసి బురదల పడ్డది సూడు, ఎవలో ఇగ సాలు అని ఒర్రిండ్రు. గంతే, లేసి కూసున్నది. నెత్తిల బురద దులుపుకున్నది. నవ్వింది. ఆమెకు నవ్వితే ఒక పక్క పెదివి ముందుగాల లేస్తది. గజగజ వణుకుతుంటే ఒకామె ఉరికొచ్చి గొంగడి కప్పింది. చాయ్ ఇచ్చిండ్రు. రెండు చేతులతోని గ్లాసు పట్టుకొని తాగింది."

"మరి ఆ వాన?"

"వాన ఉత్తదేనమ్మా. పైపు పెట్టి కొట్టిండ్రు."

ఏళ్లుగా నీళ్లలో నానిన కాళ్లతో గట్టున నిలబడిన మా అవ్వ, తనలో తాను అనుకున్నట్టు అన్నది.

"వాన ఉత్తదైతది గని, సలి ఉత్తదెట్లయితదే?"

ఆ మాటకు రైతు వాళ్లమ్మ అవ్వ వైపు తిరిగింది. ఇద్దరూ ఒకరి కాళ్లు ఒకరు చూసుకున్నారు. ఆమె కాళ్లకూ మా అవ్వ కాళ్లకూ ఒకటే పగుళ్లు, పసుపు ఒక్కటే తేడా. తర్వాత ఆమె నన్ను అడిగింది.

"చాయ్ తాగి ఏం చేసింది?"

"రేపు ఎన్ని గంటలకు రావాల్నని అడిగింది."

"మళ్లీ పనికి పోతుందా?"

"పోతదమ్మా. ఇంకో సినిమా ఉన్నదంట."

"రేపు పనికి పోతుందంటే బతికున్నట్టే కదమ్మా," అని ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మడిలోకి దిగింది. గౌరమ్మ ముందు మొదటి కుదురు గుచ్చింది. రైతు గట్టున చతికిలబడి, పొలం బతికిందిరా నాయనా అని పెద్దగా నవ్వేశాడు. మా పెద్దమ్మ మునుం కట్టమని కేకేసింది. నన్ను తన పక్కనే నిలబెట్టుకుంది, నా వంతులో సగం తనే నాటింది, ఆ రోజంతా నాతో ఒక్క మాట మాట్లాడకుండా. మర్నాడు ఆటో దగ్గర, ఎక్కాలా వద్దా అని నేను నిలబడి ఉంటే, జరుగుండ్రి, కత జెప్పే పిల్లకు జాగియ్యుండ్రి అన్నది.

ఆ రోజు నుంచి వాళ్లకు రాణి అక్కర్లేదు, దొంగ అక్కర్లేదు. ఆ పని చేసే మనిషి కావాలి. పొద్దున ఎప్పుడు లేస్తుంది, సద్ది కట్టుకుపోతుందా, అక్కడే పెడతారా, తల ఎవరు దువ్వుతారు, పిల్లకు జ్వరమొస్తే సెలవిస్తారా, ఇన్ని రకాల చీరలు, అదే, గౌన్లు మారుస్తుంది కదా, ఏది తనదో ఏది పరాయిదో మరిచిపోదా. ఇవాళ ఈమె పొలం, రేపు ఇంకొకామె పొలం, మనలాగనే అని తేల్చేశారు. నాకు తెలిసింది చెప్పేదాన్ని, తెలియనిది తెలియదనేదాన్ని. తెలియదన్నప్పుడే ఎక్కువ మాటలు నడిచేవి.

ఒకసారి మిర్యాలగూడ దగ్గర నాటేస్తుండగా అవ్వ అడిగింది.

"ముసల్ది అయినంక గూడ పిలుస్తరానే ఆమెను పనికి?"

నాకు అప్పుడు తెలియదు. అవ్వకు ఆ ఏడు మోకాళ్లు బాగా పట్టేశాయి, వంగితే లేవడానికి చెయ్యి అందించాల్సి వచ్చేది.

"పిలువకపోతె మనమే పిలుద్దాం," అన్నది పెద్దమ్మ తల ఎత్తకుండా. "నారు కట్టలు అందియ్యనీకన్న మనిషి గావాలె గదా. ఇద్దరు ముసల్లోల్లు గట్టున కూసోని అందిస్తరు."

"నాకు ఇంగిలీషు రాదే!" అన్నది అవ్వ.

"ఆమెకు తెలుగొస్తది తియ్యి. టీవీల మాట్లాడుతలేదా?"

ఆ నవ్వుకు పక్క పొలంలో మందు కొట్టేవాళ్లు కూడా ఆగి చూశారు.

నా చెయ్యి పెద్దమ్మంత వేగం ఎప్పటికీ తిరగలేదు. ఒకరికి భారం కానంత తిరిగింది, అంతే. తర్వాత పెళ్లయి సూర్యాపేటకొచ్చాను, చీరల షాపులో చేరాను. ఇక్కడా అదే పని, చీర విప్పుతూ దానికో కథ చెప్పాలి, విన్నవాళ్లు కొంటారు.

పోయిన వానాకాలం అమ్మ దగ్గరికి పోయినప్పుడు, పెద్దమ్మతో కలిసి కోదాడ వైపు ఒక చుట్టాలింటికి పోతూ దారిలో ఆగాం. పొలంలో నాటు యంత్రం నడుస్తోంది. ట్రేలలో నారు అందించే ఆడవాళ్లు గట్టు మీద ఉన్నారు, ఒక్కొక్కరి చెవుల్లో ఒక్కో వైరు. ఎవరి పాట వాళ్లది, ఎవరి సినిమా వాళ్లది. తప్పని నేననను. నడుములు విరగడం తప్పింది, ఆ నొప్పి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇప్పుడు చూడాలంటే అందరి చేతిలోనూ అంతా ఉంది. చెప్పవే తర్వాతేమైంది అని ఇంకొకరిని అడగాల్సిన అవసరమే ఎవరికీ లేదు, అంతే.

పెద్దమ్మ చాలాసేపు అట్లాగే నిలబడి చూసింది. యంత్రం వేసిన వరుసలు దారం పట్టి గీసినట్టు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తిన్నగా పోయాయి. మా నాట్లు అంత తిన్నగా ఎప్పుడూ లేవు. పచ్చగా లేచాక గట్టు మీద నుంచి చూస్తే, మేము ఎక్కడెక్కడ నవ్వామో అక్కడక్కడ వరుస వంకర పోయి కనపడేది. ఆ పొలమంతా కళ్లు చికిలించుకుని వెతికాను, ఎక్కడా ఒక్క వంకర కనపడలేదు.